మీనాయీ, లాజ్వర్దీనా, లస్టర్, గ్లేజు కింది నలుపు: కాషాన్ పద్ధతుల్లో మీ బట్టీకి ఏది సరిపోతుంది?

పాత ఇరాన్ గిన్నెల, ముఖ్యంగా కాషాన్ ఊరివాటి, ఫోటోలు చూసి చెయ్యాలని సరదాపడేవాళ్ళు చాలామంది బొమ్మ నచ్చి పద్ధతి ఎంచుకుంటారు. గుర్రం మీద రాజు, చందమామ లాంటి గుండ్రటి ముఖాలు, అంచు చుట్టూ అక్షరాలు, అక్కడక్కడ బంగారం చూసి నేరుగా ఏడు రంగుల మీనాయీ పద్ధతి మొదలుపెడతారు. మూడోసారి బట్టీ తీసేసరికి ఎరుపు మాయమై ఉంటుంది. అక్కడితో ఆ ముచ్చట సరి.

బొమ్మ తర్వాత సంగతి. రంగు గ్లేజుకి, అంటే గిన్నె మీది గాజు పూతకి, ఎక్కడ తగులుతోందో ముందు చూడాలి. గ్లేజు కింద ఉందా, గ్లేజులో కలిసిందా, పైన అతుక్కుందా, గ్లేజు చర్మంలోకి ఇంకిందా? ఎన్నిసార్లు బట్టీ ఎక్కించాలి, కరెంటు బట్టీ చాలా, పొగ బట్టీ కావాలా, ఆ పళ్ళెంలో అన్నం తినొచ్చా, బంగారానికి ఎంత ఖర్చు అన్నవన్నీ దాన్నిబట్టే తేలతాయి.

పేర్లతో జాగ్రత్త

మీనా అనగానే మనకు నగల మీద మీనాపని గుర్తొస్తుంది. ఇస్ఫహాన్‌లో ఇవాళ మీనాకారీ పేరుతో అమ్మేది రాగి పళ్ళేల మీద చేసే ఎనామెల్, అంటే కాల్చి అతికించే గాజు రంగు. మనం మాట్లాడుకునే మీనాయీ ఈ రెండూ కాదు. 12వ శతాబ్దం చివరి నుంచి 13వ శతాబ్దం మొదటి పాతికేళ్ళ దాకా కాషాన్‌లో తయారైన తెల్ల గిన్నెలవి. మీనాయీ అన్న పేరు కూడా తర్వాతి కాలంవాళ్ళు పెట్టిందే. ఆ రోజుల్లో దాన్ని హఫ్త్ రంగ్, అంటే ఏడు రంగులు, అనేవారు. మళ్ళీ హఫ్త్ రంగ్ అని వెతికితే సఫవీ రాజుల కాలపు గోడ పలకలు ఎదురొస్తాయి. వాటి పద్ధతి పూర్తిగా వేరు.

హైదరాబాద్‌లో బాద్‌షాహీ అశూర్‌ఖానా గోడల మీది పలకలు కూడా ఇరాన్ సంప్రదాయం నుంచి వచ్చినవే, కానీ ఈ నాలుగు పద్ధతుల్లోనూ చేరవు. ఒక్కో రంగు పలకను విడిగా కాల్చి, ముక్కలు కోసి అతికారు. దగ్గరకెళ్ళి చూస్తే రంగుకీ రంగుకీ మధ్య అతుకు కనిపిస్తుంది గానీ కుంచె గీత కనపడదు. కాషాన్ పనికి ప్రాణం కుంచె గీతే.

నాలుగింటికీ ఒకటే పిండి

కాషాన్ కుమ్మరులు వాడింది మామూలు మట్టి కాదు. తరతరాలుగా ఈ పని చేసిన అబూ తాహిర్ కుటుంబానికి చెందిన అబుల్ ఖాసిం కాషానీ 1301లో దాని పాళ్ళు రాసిపెట్టాడు: పలుగురాయి పొడి 10 పాళ్ళు, గాజు పొడి 1 పాలు, తెల్ల మట్టి 1 పాలు. 6 కిలోల ముద్దకి 5 కిలోల పలుగు పొడి, అర కిలో ఫ్రిట్ (ఆ గాజు పొడే), అర కిలో తెల్ల మట్టి పడతాయి. అతను గాజు పొడికి చెప్పిన లెక్క 105 పాళ్ళు పలుగు, 100 పాళ్ళు మొక్కల బూడిద నుంచి తీసిన చౌడు. రెండూ కరిగించి, చల్లార్చి, నూరాలి. ఇవాళ ఆ శ్రమ అక్కర్లేదు. సెరామిక్ సరుకు అమ్మేచోట ఆల్కలీ ఫ్రిట్ దొరుకుతుంది.

ఈ ముద్ద సారె మీద సరిగ్గా లేవదు. చేతిలోకి తీసుకుంటే తడి ఇసుకకీ ఇడ్లీపిండికీ మధ్యలో ఉంటుంది. గోడ పైకి లాగితే అంచు దగ్గర చీలుతుంది. మట్టి పాలు రెట్టింపు చేస్తే కొంచెం మాట వింటుంది కానీ తెలుపు తగ్గుతుంది. ప్లాస్టర్ అచ్చులో ఒత్తడం మేలు. కాషాన్‌లోనూ అచ్చులు వాడారు. జైపూర్ నీలి పింగాణీ చేసేవాళ్ళు నేటికీ పలుగు పొడి, గాజు పొడి, ముల్తానీ మట్టి, జిగురు కలిపిన ముద్దనే అచ్చుల్లో ఒత్తుతారు. మన దేశంలో కాషాన్ ముద్దకి దగ్గరి చుట్టం అదే. మొదటిసారి అలాంటి ముద్ద కొని ప్రయత్నించడం తెలివైన పని.

ఎర్రమట్టి మీద తెల్ల పూత వేసి పని కానిచ్చేద్దామంటారా? గ్లేజు కింది నలుపుకి అక్కడే దెబ్బ తగులుతుంది. చౌడు ఎక్కువున్న గ్లేజు చల్లారేటప్పుడు బాగా కుదించుకుపోతుంది. పలుగు నిండిన ముద్ద కూడా దాంతో పాటు కుదించుకుంటుంది కాబట్టి రెండూ సర్దుకుంటాయి. ఎర్రమట్టి అంత కుదించుకోదు. దాంతో గ్లేజు సాలెగూడులా నెర్రెలిస్తుంది. ఒక్కోసారి ఆ నెర్రెలు వారం తర్వాత టిక్కు టిక్కుమంటూ మొదలవుతాయి.

ఒక్క హెచ్చరిక: పలుగు పొడి ఊపిరితిత్తులకి విషంతో సమానం. పొడిగా కలపొద్దు, పొడిగా ఊడవొద్దు. నీళ్ళలోకి పొడి వెయ్యండి, ముక్కుకి ఎన్95 మాస్కు కట్టుకోండి, బల్లని తడిగుడ్డతో తుడవండి.

గ్లేజు కింది నలుపు: మొదటి మెట్టు

ఇది అన్నిటికంటే చవక, అన్నిటికంటే గట్టిది. బిస్క్ చేసిన, అంటే గ్లేజు లేకుండా ఒకసారి కాల్చిన, గిన్నె మీద నలుపుతో గీసి, పైన పారదర్శకమైన ఆల్కలీ గ్లేజు పోసి ఒక్కసారి కాలిస్తే పని అయిపోతుంది. గ్లేజులో 2 నుంచి 3 శాతం రాగి కార్బొనేట్ కలిపితే నెమలిమెడ రంగు వస్తుంది. అదే రాగి సీసం గ్లేజులో పచ్చగా మారుతుంది. కాబట్టి ఫ్రిట్ కొనేటప్పుడు సీసం రకం కాదని అడిగి తీసుకోండి. గ్లేజుకి ఫ్రిట్ 90, చైనా క్లే 10 చాలు. ఎంత వేడిలో కాల్చాలో ఫ్రిట్ బస్తా మీద రాసి ఉంటుంది. సాధారణంగా 1000 డిగ్రీల చుట్టుపక్కల ఉంటుంది.

ఈ గ్లేజు కింద నలుపు కదలదు, కోబాల్ట్ నీలం మాత్రం పరుగెడుతుంది. అందుకని గీతలకి నలుపు, నింపడానికి నీలం. అంచులు చెదిరినా నల్లగీత కప్పేస్తుంది. నల్ల స్టెయిన్ (గ్లేజు కింద వేసే తయారు రంగు పొడి) ఒక్కటే వేస్తే గ్లేజు పోసేటప్పుడు చేతికి అంటి చెదురుతుంది. నాలుగు పాళ్ళ స్టెయిన్‌కి ఒక పాలు ఫ్రిట్, రెండు చుక్కల తుమ్మజిగురు నీళ్ళు కలిపితే పట్టుకుంటుంది.

ఆల్కలీ గ్లేజు దట్టంగా పడితేనే అందం. పాత గిన్నెల్ని తిరగేసి చూస్తే గ్లేజు పాదం దాకా రాకుండా లావుపాటి చుక్కలుగా ఆగిపోయి ఉంటుంది. దాన్ని అలంకారం అనుకోకండి. అంతకంటే కిందికి పోస్తే గిన్నె బట్టీ పలకకి అతుక్కుపోతుంది కాబట్టి పెట్టుకున్న హద్దు అది. మీరూ పాదం పైన కనీసం 1 సెంటీమీటరు వదిలేయండి.

న్యూయార్క్ మెట్రోపాలిటన్ మ్యూజియంలో 1215-16 నాటి కూజా ఒకటుంది. పై గోడ అంతా జాలీ పని, లోపల నీళ్ళకి ఇంకో గోడ. దాని మీద నలుపు గీతలు, నెమలిమెడ గ్లేజు. చవక పద్ధతి అన్న మాట విని చులకనగా చూడొద్దు.

మీనాయీ: అందరికీ కావాలి, కొందరికే కుదురుతుంది

మీనాయీలో రంగులన్నీ ఒకేచోట ఉండవు. చాలా ఎనామెల్ ప్రయత్నాలు ఇక్కడే దారి తప్పుతాయి. నీలం, నెమలిమెడ, ఊదా రంగులు మొదటి ఫైరింగ్‌లో గ్లేజులోనే కలుస్తాయి. నలుపు, ఎరుపు, గోధుమ, తెలుపు, బంగారం రెండో ఫైరింగ్‌లో పైన అతుక్కుంటాయి. ఆధునిక ఎనామెల్ డబ్బాలతో ఏడు రంగులూ పైనే వేసేస్తే బొమ్మ వస్తుంది గానీ గాజు మీద స్టిక్కర్ అతికించినట్టుంటుంది. అసలు గిన్నెలో నీలి అంగీ గ్లేజు లోతుల్లో ఉంటుంది, దాని మీది ఎర్రగీత పైన తేలుతుంది. ఆ రెండు అంతస్తుల తేడా వల్లే కన్ను నిలుస్తుంది.

వరస ఇలా. తగరం ఆక్సైడ్ 8 నుంచి 10 శాతం కలిపిన తెల్ల గ్లేజు ముంచి ఆరనివ్వండి. తగరం ఖరీదు. దాని బదులు జిర్కోనియం 12 నుంచి 15 శాతం వాడొచ్చు గానీ తెలుపు కాస్త సున్నం వేసినట్టు పొడిబారి కనిపిస్తుంది. ఆరిన పచ్చి గ్లేజు మీద కోబాల్ట్, రాగి, మాంగనీస్‌తో నీలం, నెమలిమెడ, ఊదా మచ్చలు వెయ్యండి. గీతలొద్దు, ఆకారాలు చాలు. పచ్చి గ్లేజు నీళ్ళని బ్లాటింగ్ కాగితంలా పీల్చుకుంటుంది కాబట్టి కుంచె ఆగినచోట మచ్చ పడిపోతుంది. ఒక్క దెబ్బలో వెయ్యాలి. సవరించే అవకాశం లేదు. ఇప్పుడు మొదటి ఫైరింగ్.

బట్టీ తీసేసరికి నీలం అంచులు అర మిల్లీమీటరు నుంచి మిల్లీమీటరు దాకా చెదిరి ఉంటాయి. కంగారు పడకండి. కాషాన్ చిత్రకారులు దాన్ని లెక్కలోకి తీసుకునే గీశారు. ఇప్పుడు గట్టిపడ్డ గ్లేజు మీద నలుపు లేదా ఎర్ర గోధుమతో సన్నగా ఆకారం గీస్తే ఆ చెదురు గీత వెనక దాక్కుంటుంది. గీత కచ్చితంగా నీలం అంచు మీదే పోవాలన్న పట్టుదల కూడా వాళ్ళకి లేదు. మ్యూజియం ఫోటోల్ని పెద్దవి చేసి చూడండి, అంగీ నీలం చాలాచోట్ల గీత దాటి ఉంటుంది. ముఖం, జుట్టు, వేళ్ళు, గుర్రం కళ్ళెం మాత్రం పూర్తిగా పై గీతతోనే.

ఎనామెల్ పొడిని గాజు పలక మీద కత్తితో కనీసం పది నిమిషాలు నూరాలి. గరుకు తెలిస్తే గీత తెగుతుంది. టర్పెంటైన్, నూనె మాధ్యమం వాడితే పూర్తిగా ఆరాకే బట్టీలో పెట్టండి. తడి మిగిలితే బొబ్బలొస్తాయి. 500 డిగ్రీల దాకా బట్టీ మూత కాస్త తెరిచి ఉంచాలి, పొగ పోవాలి. ఆ తర్వాత 750 నుంచి 800 మధ్య. వేడి చాలకపోతే రంగు మసకగా ఉండి గోటితో గీకితే రాలుతుంది. ఎక్కువైతే గ్లేజులోకి మునిగిపోతుంది. అందరికంటే ముందు చచ్చేది ఇనుము ఎరుపు. 20 డిగ్రీలు ఎక్కువైనా గోధుమ రంగుకి తిరుగుతుంది. బట్టీలో పైఅరకీ కిందిఅరకీ అంత తేడా మామూలే కాబట్టి, ముందు ఒక పలక మీద ఎరుపుని పల్చగా, మధ్యస్తంగా, దట్టంగా మూడు చారలు వేసి ప్రతి అరలో ఒకటి కాల్చి చూసుకోండి.

కొలత కూడా చూసుకోవాలి. వాషింగ్టన్ ఫ్రీర్ గ్యాలరీలో పారశీక వీరగాథ షానామాలోని బీజన్, మనీజెల ప్రేమకథ గీసిన గ్లాసు ఉంది. ఎత్తు సుమారు 12 సెంటీమీటర్లు. అందులోనే మూడు వరుసలు, వరుస నిండా గళ్ళు. బావిలో బందీగా పడ్డ బీజన్ ఒక గడిలో, అతన్ని పైకి లాగే రుస్తుం ఇంకో గడిలో. ముఖం వేలిగోరంత కూడా లేదు. అదే గ్యాలరీలో కోట ముట్టడి బొమ్మ ఉన్న పళ్ళెం దాదాపు 48 సెంటీమీటర్లు. మీనాయీలో అంత పెద్దవి అరుదు. మీరు మొదలుపెట్టాల్సింది ఈ రెండూ కాదు, 20 సెంటీమీటర్ల గిన్నె, మధ్యలో ఒకే ఒక్క మనిషి. మీ చేతికి 00 సైజు కుంచెతో 5 సెంటీమీటర్ల గీత వణక్కుండా రాకపోతే మీనాయీ ఇప్పుడే వద్దు. బట్టీ ఎంత బాగున్నా ఆ లోటు తీరదు.

లాజ్వర్దీనా: బంగారం కోసం వచ్చినవాళ్ళకి

మంగోలుల దాడి తర్వాత మీనాయీ వెనకబడింది. 13వ శతాబ్దం రెండో సగం నుంచి ఈ పద్ధతి కనిపిస్తుంది. లాజ్వర్ద్ అంటే లాపిస్ లాజులి అనే నీలం రాయి. రంగు మాత్రం ఆ రాయి నుంచి కాదు, కోబాల్ట్ నుంచే వచ్చింది. కాషాన్ పక్కన ఖంసర్ గ్రామంలో ఆ ఖనిజం దొరికేదని అబుల్ ఖాసిం రాశాడు. మంగోలు పాలకుడు అబాఖా ఖాన్ తఖ్త్-ఎ-సులైమాన్‌లో 1270ల్లో కట్టించిన రాజభవనానికి డ్రాగన్లు, సీముర్గ్ పక్షులున్న పలకలు ఇలా చేశారు.

మీనాయీ ఆశపడేవాళ్ళలో పదిమందిలో ఎనిమిదిమందికి మా సలహా ఇదే: ముందు లాజ్వర్దీనా చెయ్యండి. రంగు గ్లేజు ఒక్కటే, పచ్చి గ్లేజు మీద బొమ్మ గియ్యక్కర్లేదు. పైన ఎరుపు, తెలుపు, బంగారం. నమూనాలు ఆకులు, చుక్కలు, చతురస్రాలు. మనిషి ముఖం గియ్యాల్సిన గండం లేదు. గ్లేజులో కోబాల్ట్ ఆక్సైడ్ 1 శాతం వేస్తే ముదురు నీలం. 2 దాటిస్తే నలుపులోకి పోతుంది, బంగారం వెలుగుతుంది గానీ నీలం చచ్చిపోతుంది. ఎరుపుని ఇక్కడ పల్చగా వేస్తే కింది నీలం తినేసి మట్టిరంగు చేస్తుంది. దట్టంగా వెయ్యండి, లేదా పక్కన తెల్లగీత ఉంచండి.

బంగారం అతికించడం గురించి అబుల్ ఖాసిం చెప్పింది చదివితే చార్మినార్ దగ్గర వరఖు కొట్టేవాళ్ళు కళ్ళముందుకి వస్తారు. ఒక మిస్కాల్ ఎర్ర బంగారాన్ని జిప్సం రాసిన కాగితాల మధ్య పెట్టి 24 రేకులుగా కొట్టాలి, కత్తెరతో కోరిన ఆకారంలో కోయాలి, కలంతో జిగురు రాసి అతికించాలి, దూదితో నొక్కాలి. మిస్కాల్ అంటే సుమారు నాలుగుంపావు గ్రాములు, అంటే ఒక్కో రేకుకి ఇంచుమించు 0.18 గ్రాములు. ఇవాళ పాతిక ఆకులున్న మామూలు బంగారు రేకుల పుస్తకం మొత్తం తూచినా అర గ్రాము లోపే.  కత్తెరతో కోసే మాటే లేదు, ఊపిరి తగిలితే ఎగిరిపోతుంది. బట్టీలో ఆ పల్చటి రేకు కింద నీలం తొంగిచూస్తుంది. కంసాలి చేత కాస్త దళసరి రేకు కొట్టించుకోవడం, లేదా రెండు పొరలు వెయ్యడం మార్గం. 23, 24 క్యారెట్ల బంగారమే కావాలి. క్రాఫ్ట్ షాపుల్లో గోల్డ్ ఫాయిల్ అని ఇచ్చేది ఇత్తడి, బట్టీలో నల్లబడుతుంది.

బంగారం 1064 డిగ్రీలకి గానీ కరగదు. 750 దగ్గర రేకు అతుక్కోవడానికి కారణం కింది గ్లేజు పైపొర మెత్తబడటం. అందుకే వేడి చాలని ముక్క చల్లారాక పొట్టులా లేచి వస్తుంది. జిగురు ఎక్కువైతే అది కాలి గాలి పుట్టి రేకు మధ్యలో పగులుతుంది. జిగురు నీళ్ళలా ఉండాలి, రేకు మీద నుంచి దూది మధ్య నుంచి అంచుకి పోవాలి, అంచు నుంచి మధ్యకి కాదు. ఎంత జాగ్రత్తగా కోసినా అంచు కాస్త చిరుగుతుంది. పాత పలకల్లో ప్రతి బంగారు ముక్క చుట్టూ ఎర్రగీత ఎందుకుందో అప్పుడు అర్థమవుతుంది.

సీసాలో దొరికే ద్రవ బంగారం సులువు. దాంట్లో బంగారం కొద్ది శాతమే, మిగతాది రెసిన్, నూనెలు. కుంచెతో గీయొచ్చు, అద్దంలా మెరుస్తుంది. ఆ మెరుపే దాని లోపం కూడా. రేకు బంగారం మెత్తగా, కొంచెం ముడతగా, పాతగా ఉంటుంది. ద్రవ బంగారం టీకప్పు అంచులా ఉంటుంది. పల్చగా పడితే ఊదా మరక మిగులుతుంది, వేలిముద్ర పడినచోట ముద్ర అలాగే కాలుతుంది. గీత సన్నగా కావాలంటే ద్రవం, పలక మీద ఆకారాలు కావాలంటే రేకు.

లస్టర్: బంగారం లేని బంగారం

ఇందులో బంగారం రవ్వంత కూడా లేదు. వెండి, రాగి సమ్మేళనాల్ని కావిమట్టిలో కలిపి, ఒకసారి కాలిన తెల్ల గ్లేజు మీద గీసి, పొగ బట్టీలో పెడితే ఆ లోహాలు గ్లేజు పైపొరలోకి చేరి అతి సన్నటి రేణువులుగా మిగిలిపోతాయి. ఆ పొర మిల్లీమీటరులో వెయ్యోవంతు కూడా ఉండదు. అందుకే వేలు పెట్టి తడిమితే తగలదు, వంచి చూస్తే మెరుస్తుంది. 9వ శతాబ్దపు ఇరాక్‌లో పుట్టి, ఈజిప్టు మీదుగా 12వ శతాబ్దం రెండో సగానికి కాషాన్ చేరింది. కాషాన్‌లో ఇదే మహరాజపోషణ పొందిన పద్ధతి. వరామీన్ ఇమామ్‌జాదా యహ్యా సమాధి మందిరం గోడలకి 1262లో చేసిన నక్షత్రాల పలకలు, 1226లో హసన్ ఇబ్న్ అరబ్‌షా చేసిన, ఇప్పుడు బెర్లిన్‌లో ఉన్న మిహ్రాబ్ (మసీదు గోడలోని ప్రార్థన గూడు) ఇలాంటివే. అబూ జైద్ అనే కళాకారుడు మీనాయీ, లస్టర్ రెండింటి మీదా సంతకం పెట్టాడు. 1186లో తేదీ వేసిన అతని మీనాయీ గిన్నె మెట్రోపాలిటన్‌లో ఉంది.

అబుల్ ఖాసిం ఇచ్చిన లస్టర్ పాఠంలో హరితాళం, మణిశిల ఉన్నాయి. అవి ఆర్సెనిక్. ముట్టుకోవద్దు. ఈ కాలంలో చాలామంది మొదలుపెట్టే పాళ్ళు: ఎర్ర జాజు 70, రాగి కార్బొనేట్ 30. బంగారు పసుపు కావాలంటే రాగి తగ్గించి వెండి సమ్మేళనం కొద్దిగా కలపాలి. రాగి ఎరుపువైపు, వెండి పసుపువైపు లాగుతాయి. వెండికి వేడి కూడా తక్కువ చాలు. అతను 24 గంటలు నూరమన్నాడు, ద్రాక్షరసంలోనో వెనిగర్‌లోనో కలపమన్నాడు. నూరడం విషయంలో అతిశయోక్తి లేదు. జాజు గరుకుగా ఉంటే గీత చుక్కలు చుక్కలుగా వస్తుంది.

అసలు ఆట పొగ దగ్గర. బట్టీని 620 నుంచి 680 మధ్యకి తెచ్చి, ఎండు కట్టెలో కొబ్బరి డొక్కలో వేసి గాలి మూసెయ్యాలి. అయిదు పది నిమిషాలు పొగ, తర్వాత గాలి, మళ్ళీ పొగ. ఇలా అయిదారుసార్లు. గ్లేజు వేసి, అదే లస్టర్ గీసిన చిన్న మట్టి ఉంగరాల్ని చూపురంధ్రం దగ్గర వరసగా పెట్టుకుని, ఒక్కో విడత తర్వాత ఇనుప కడ్డీతో ఒకటి బయటికి లాగి, చల్లార్చి, తడిబట్టతో జాజు తుడిచి చూడాలి. పసుపు పల్చగా ఉంటే ఇంకో విడత. మెరుపు కనిపించిందంటే అక్కడితో ఆపాలి. ఇంకొంచెం బాగా వస్తుందేమోనన్న ఆశే ఎక్కువ గిన్నెల్ని పాడుచేస్తుంది. అతిగా పొగ పెడితే తెల్ల గ్లేజు బూడిదరంగు పట్టి ఇక తెల్లబడదు. వేడి 30 డిగ్రీలు ఎక్కువైతే జాజు గ్లేజుకి కరుచుకుపోయి తుడిచినా పోదు. తక్కువైతే బొమ్మంతా జాజుతోపాటు తుడుచుకుపోతుంది. అబుల్ ఖాసిం బట్టీ 72 గంటలు మెల్లగా పొగలో ఉండేది. కట్టెల బట్టీకి ఆ ఓపిక ఉంటుంది, మన చిన్న గ్యాస్ బట్టీలో మూడు నాలుగు గంటల్లో తేలిపోతుంది.

కరెంటు బట్టీలో పొగ పెట్టొద్దు. తీగలు పాడవుతాయి. మూత బిగించిన మట్టిపెట్టెలో బొగ్గు ముక్కలతో పాటు గిన్నె పెట్టి కాల్చే ఉపాయం ఉంది కానీ ఉంగరం తీసి చూసే వీలుండదు, అంటే గుడ్డిగా ఆడటమే. ఏ బట్టీ అయినా ఆరుబయటే పెట్టండి. గాలి మూసిన బట్టీ నుంచి వచ్చే కార్బన్ మోనాక్సైడుకి వాసన ఉండదు.

మరి మీకు ఏది?

గిన్నెలో తినాలనుకుంటే నాలుగింట్లో ఒక్క గ్లేజు కింది పనే, అదీ రాగి లేని, రంగు లేని పారదర్శక గ్లేజుతో. నెమలిమెడ గ్లేజులోని రాగి పులుపుకి కరిగి దిగుతుంది. చింతపండు పులుసు, మజ్జిగ, నిమ్మకాయ ఏదైనా సరే. రాగి లేని గ్లేజునైనా ల్యాబ్ పరీక్ష అయ్యాకే వంటింట్లోకి రానివ్వండి. ఆవకాయకి మన జాడీనే ఉంచండి. మీనాయీ, లాజ్వర్దీనా ఎనామెల్స్‌లో సీసం మామూలే, గిన్నెలు తోమే పీచుకి బంగారం అరుగుతుంది, లస్టర్ కూడా గోకుడికి నిలవదు. అవి గోడకీ అలమరకీ.

కరెంటు బట్టీ ఒక్కటే ఉంటే లస్టర్ లెక్కలోంచి తీసెయ్యండి. గ్యాస్ బట్టీ, ఆరుబయలు, ఓపిక మూడూ ఉంటే మాత్రం లస్టర్ మీదే ఖర్చుపెట్టండి. బంగారం కొననక్కర్లేదు, ఫలితం మిగతా వేటికీ రాదు. కథ చెప్పాలన్న కోరిక ఉండి, కుంచె చేతిలో ఉన్నవాళ్ళకి మీనాయీ. చెయ్యి ఇంకా తిరగలేదు గానీ ఒక గోడని ఘనంగా నింపాలంటే లాజ్వర్దీనా పలకలు.

గోడ పని ఏదైనా నక్షత్రం, ప్లస్సు ఆకారాల జతే వాడండి. ఎనిమిది మొనల నక్షత్రం గీయడం సులువు: ఒకే కొలత చతురస్రాలు రెండు, ఒకటి 45 డిగ్రీలు తిప్పి పైన పెట్టడమే. మొన నుంచి మొనకి 20 సెంటీమీటర్లు కావాలంటే చతురస్రం భుజం 14.1 సెంటీమీటర్లు. పలుగు ముద్ద పెద్దగా కుదించుకోదు కాబట్టి ఇంచుమించు అదే కొలతకి వస్తుంది. ఎర్రమట్టి వాడితే నూటికి 8 నుంచి 10 పాళ్ళు ఎక్కువ కోసుకోవాలి, లేకపోతే నక్షత్రాల మధ్య ప్లస్సులు వదులుగా ఊగుతాయి.

చేసేవాళ్ళు కాక కొనేవాళ్ళుంటే

అమ్మేవాడు పెట్టిన పేరుని నమ్మకుండా గిన్నెని ఏటవాలు వెలుగులో పట్టుకోండి. రంగు గీతలు వేలికి ఎత్తుగా తగిలి, నీలం మాత్రం నున్నగా లోపల ఉంటే మీనాయీ పద్ధతి. అంతా నున్నగా ఉండి, తిప్పితే రంగు మారితే లస్టర్. నీలి నేల మీద రేకు అంచులు కనిపిస్తే లాజ్వర్దీనా.

పాతదని చెప్పే మీనాయీ దగ్గర ఇంకో పరీక్ష తప్పదు. 20వ శతాబ్దం మొదట్లో పగిలిన ముక్కల్ని, వేరే వేరే గిన్నెలవి కూడా, కలిపి అతికి, పైన కొత్త రంగు వేసి పశ్చిమ దేశాల మార్కెట్లో అమ్మడం విరివిగా జరిగింది. అతినీలలోహిత దీపం కింద చూస్తే కొత్త రంగు, జిగురు వేరేగా మెరుస్తాయి. ముఖం పూర్తిగా ఉండి, దాని మీదుగా పోవాల్సిన పగులు మధ్యలో మాయమైతే ఆ ముఖం కొత్తది. కాలనిర్ణయ పరీక్ష సర్టిఫికెట్ చూపించినా నిశ్చింత పడొద్దు. పరీక్షకి తీసిన ముక్క పాతదే కావచ్చు, పక్క ముక్క ఇంకో గిన్నెది కావచ్చు. అదీకాక ఎక్కడి నుంచి, ఏ సంవత్సరం బయటికి వచ్చిందన్న కాగితాలు లేని గిన్నె, ఎంత అందంగా ఉన్నా, దొంగతవ్వకం సొత్తు అయ్యే అవకాశం ఉంది. మన 1972 పురావస్తు చట్టం నూరేళ్ళు దాటిన వస్తువుల్ని పురావస్తువులుగా లెక్కిస్తుంది, వాటిని సొంతంగా విదేశాలకి పంపనివ్వదు. అందుకని విదేశాల నుంచి తెచ్చుకుని, నచ్చకపోతే తిరిగి పంపేద్దామనుకునేవాళ్ళు డబ్బు కట్టకముందే లాయరుని అడగాలి.